డీ అండ్ డీ క్యారెక్టర్‌కి ఆరు అంకెలు: పాచికలా, పాయింట్లా, పేకముక్కలా?

డీ అండ్ డీ, అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్, టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర పట్టుకుని కథ నడిపే ఆట. కొత్త క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే కథ) మొదలుపెట్టే ప్రతి గ్రూపులోనూ ఈ చర్చ వస్తుంది. క్యారెక్టర్ గుణాల స్కోర్లు పాచికలు వేసి తెచ్చుకుందామా, పాయింట్లతో కొనుక్కుందామా? "పాచికలైతే ఎక్కువొస్తాయి" అని ఒకరంటారు. "పాయింట్లయితేనే న్యాయం" అని ఇంకొకరంటారు. మొదటి మాటలో నిజం చాలా తక్కువ. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మామూలుగా వాడే పద్ధతిలో పాచికలు వేస్తే, ఆరు స్కోర్లూ కలిపి సగటున ఒకటిన్నర పాయింటు మాత్రమే ఎక్కువొస్తుంది. అసలు తేడా సగటులో లేదు, పక్కపక్కన కూర్చున్న ఇద్దరి క్యారెక్టర్ల మధ్య వచ్చే ఎడంలో ఉంది. ఆ ఎడాన్ని మీ ఆట ఎంతవరకు మోయగలదో ముందు తేల్చుకుంటే, పద్ధతి ఎంచుకోవడం తేలిక.

ఆటకి కొత్తవాళ్ళ కోసం కొంచెం నేపథ్యం. క్యారెక్టర్ షీట్ మీద ఆరు గుణాలుంటాయి: స్ట్రెంగ్త్ అంటే కండబలం, డెక్స్టెరిటీ అంటే చురుకు, కాన్‌స్టిట్యూషన్ అంటే ఒంటి గట్టిదనం, ఇంటెలిజెన్స్ అంటే చదువూ తర్కమూ, విజ్డమ్ అంటే గమనింపూ వివేకమూ, కరిష్మా అంటే మనుషుల్ని తనవైపు తిప్పుకునే శక్తి. ఒక్కోదానికి మొదట్లో 3 నుంచి 18 దాకా ఒక అంకె. ఆటలో నిజంగా పనిచేసేది ఆ అంకె కాదు, దాన్నుంచి వచ్చే మాడిఫయర్. స్కోరులోంచి 10 తీసెయ్యండి, మిగిలినదాన్ని సగం చెయ్యండి, భిన్నం వస్తే కిందికి దించండి. 14కీ 15కీ ఒకటే, +2. 16కి +3. కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేది పదికి కింద. 9లోంచి 10 తీస్తే -1, అందులో సగం -0.5, దాన్ని కిందికి దించితే -1. సున్నా కాదు. అలాగే 7కి -2.

అంటే సరి అంకె దగ్గర మాత్రమే మాడిఫయర్ మారుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే, కింద చెప్పబోయే సర్దుబాట్లలో సగం వాటంతటవే అర్థమవుతాయి.

మూడు పాచికల నుంచి నాలుగు పాచికలకి

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన మొదటి రూల్స్‌లో ఆరు ముఖాల పాచికలు మూడు వేసి కూడేవారు. వేసేది ఆటగాడు కాదు, రిఫరీ, అంటే ఆట నడిపేవారు. ఇప్పుడు వారినే డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎం అంటాం. ఏ గుణానికి ఏది పడితే అదే, తారుమారు చేసుకోడానికి వీల్లేదు. ఇప్పటివాళ్ళకి ఇది కఠినంగా కనిపిస్తుంది గానీ, ఆ రూల్స్‌లో స్కోరు వల్ల ఒరిగేదీ పోయేదీ కొంచెమే. ఎంత బలం ఉన్నా కత్తి దెబ్బకి ఏమీ కలిసేది కాదు. మీ క్లాసుకి (ఫైటర్, విజర్డ్ లాంటి వృత్తికి) ముఖ్యమైన గుణం 15 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే అనుభవం పాయింట్లలో పది శాతం ఎక్కువ, ఒంటి గట్టిదనానికి కాస్త ప్రాణబలం, చురుకుకి బాణం గురి, దాదాపు అంతే. 1975లో గ్రేహాక్ సప్లిమెంట్ వచ్చి బలానికి దెబ్బలో వాటా ఇచ్చింది. 18 పడిన ఫైటర్ పర్సంటైల్ పాచికలు (1 నుంచి 100 దాకా పలికేవి) కూడా వేసుకునే వెసులుబాటు అందులోదే. అక్కణ్ణుంచి స్కోరు విలువ పెరిగింది, పెరిగేకొద్దీ పాచికలు వేసే పద్ధతులూ ఉదారమయ్యాయి. 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో నాలుగు పద్ధతులిచ్చారు. మొదటిదే మనం ఈరోజు వాడేది: నాలుగు పాచికలు వేసి చిన్నది తీసెయ్యడం, వచ్చిన ఆరు అంకెల్ని మనకి నచ్చిన గుణాలకి పెట్టుకోవడం.

1989లో సెకండ్ ఎడిషన్ మళ్ళీ మూడు పాచికలు, పడిన వరసలోనే అన్నదాన్ని మొదటి పద్ధతిగా పెట్టింది. అదే పుస్తకంలో పాలడిన్ (ధర్మం కోసం పోరాడే యోధుడి క్లాసు) కావాలంటే స్ట్రెంగ్త్ 12, కాన్‌స్టిట్యూషన్ 9, విజ్డమ్ 13, కరిష్మా 17 ఉండాలి. లెక్క కట్టి చూడండి. మూడు పాచికల మీద 17 గానీ 18 గానీ పడటం 216కి 4 సార్లు. స్ట్రెంగ్త్ అర్హత 37.5 శాతం మందికే వస్తుంది, విజ్డమ్ 26 శాతం మందికి, కాన్‌స్టిట్యూషన్ 74 శాతం మందికి. నాలుగూ ఒకే క్యారెక్టర్‌కి కుదరాలంటే సుమారు 750 మందిలో ఒక్కరు. పాలడిన్ ఆడాలని మనసుపడిన కుర్రాడు పద్ధతి ప్రకారం పాచికలు వేస్తూ కూర్చుంటే ఎన్ని సాయంత్రాలు పడుతుందో ఊహించండి. అందుకే ఆ పుస్తకంలోనే ఇంకో అయిదు పద్ధతులుండేవి, టేబుళ్ళు వాటివైపు వెళ్ళిపోయేవి. గుణాలకి అర్హతలు పెట్టి, వాటిని అందుకునే దారి మూసెయ్యడం డిజైన్‌లో తప్పేనని నా అభిప్రాయం.

2000లో థర్డ్ ఎడిషన్ ఆరు గుణాలకీ ఒకటే మాడిఫయర్ లెక్క తెచ్చింది, పైన చెప్పింది అదే. 2014 పుస్తకంలోనూ 2024 పుస్తకంలోనూ మూడు దారులున్నాయి: నాలుగు పాచికలు, 27 పాయింట్లు, లేదా సిద్ధంగా ఇచ్చిన 15, 14, 13, 12, 10, 8.

నాలుగు పాచికలు నిజంగా ఏమిస్తాయి

ముందు వేసే తీరు. నాలుగు ఒకేసారి వెయ్యండి, అన్నిటికన్నా చిన్నది పక్కకి తీయండి, మిగిలిన మూడూ కూడండి. 6, 4, 3, 1 పడితే 13. 5, 5, 3, 3 పడితే చిన్నవి రెండున్నాయి, ఒక 3 మాత్రమే తీస్తారు, వచ్చేది 13. ఇలా ఆరుసార్లు. ప్రతి అంకెనీ పడిన వెంటనే కాగితం మీద రాయండి. ఆరూ పూర్తయ్యాకే ఏది ఏ గుణానికి వెళ్తుందో ఆలోచించండి. మధ్యలో పెట్టుకుంటూ పోతే, రెండోసారి పడిన 14ని బలానికి ఇచ్చేసి, అయిదోసారి 17 పడినప్పుడు అన్నీ చెరిపి రాయాల్సొస్తుంది. ఏ అంకె ఎక్కడిదన్న గొడవా అక్కడే పుడుతుంది.

మూడు పాచికలు 216 రకాలుగా పడొచ్చు. వాటిలో 10 గానీ 11 గానీ వచ్చేవి 54, 18 వచ్చేది ఒక్కటే. అష్టాచెమ్మా ఆడినవాళ్ళకి ఈ సంగతి చేతికి తెలుసు: రెండు పడినంత సులువుగా అష్టా పడదు. నాలుగు వేసి చిన్నది తీసేస్తే 1296 రకాలు, సగటు 10.5 నుంచి 12.24కి పెరుగుతుంది, అన్నిటికన్నా తరచుగా పడేది 13. 18 పడేవి 21, అంటే 1.6 శాతం. ఆరుసార్లు వేస్తే కనీసం ఒక 18 వచ్చే అవకాశం 9.3 శాతం. కనీసం ఒక 16 లేదా అంతకన్నా ఎక్కువ, 57 శాతం. ఇది అందరికీ నచ్చే అంకె. నచ్చనిది కూడా చెప్పాలి: 7 లేదా అంతకన్నా తక్కువ కనీసం ఒకటి తగిలే అవకాశం 30 శాతం. ఆరింటిలో పెద్దది కూడా 13 దాటకపోవడం 7 శాతం, అంటే పద్నాలుగు మందిలో ఒకరికి.

ఆరింటినీ పెద్ద నుంచి చిన్నకి పేరిస్తే సగటున వచ్చే వరస 15.7, 14.2, 13, 11.8, 10.4, 8.5. పుస్తకంలో సిద్ధంగా ఉన్న 15, 14, 13, 12, 10, 8 ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు కనిపిస్తుంది. అది ఈ సగటుకి కొంచెం కిందికి సవరించిన రూపంలా ఉంటుంది. మొత్తాలు చూస్తే పాచికలకి 73.5, సిద్ధంగా ఉన్నదానికి 72.

ఇక ఎడం. ఆరు స్కోర్ల మొత్తానికి ప్రామాణిక విచలనం సుమారు 7. మామూలు మాటల్లో చెప్పాలంటే ఒకరికి 80, పక్కవారికి 66 రావడం వింతేమీ కాదు. ఇద్దరు ఆటగాళ్ళని తీసుకుంటే వాళ్ళ మొత్తాల మధ్య పది లేదా అంతకన్నా ఎక్కువ తేడా ఉండే అవకాశం మూడింట ఒకటి. నలుగురు కూర్చుంటే అందరికన్నా పైనున్నవారికీ కిందున్నవారికీ మధ్య సగటున 14 పాయింట్ల తేడా. ఒకటిన్నర పాయింటు లాభం కోసం పద్నాలుగు పాయింట్ల అసమానతని ఇంటికి తెచ్చుకుంటున్నామన్నమాట.

ఆ తేడా ఆటలో ఎలా తగులుతుంది? ఏ పనైనా కుదిరిందో లేదో తేల్చే ఇరవై ముఖాల పాచికకి మాడిఫయర్ కలుపుతారు, దాని మీద +1 అంటే 5 శాతం. 11 పడాల్సిన చోట 10 పడితే చాలు, పది దెబ్బలు తగిలేచోట పదకొండు తగులుతాయి. ఒక్క సాయంత్రంలో ఇది కనపడదు. కానీ కాన్‌స్టిట్యూషన్ 10 ఉన్నవారికీ 14 ఉన్నవారికీ పదో లెవల్‌కి 20 హిట్ పాయింట్ల (ప్రాణబలం) తేడా వస్తుంది, అది అందరికీ కనపడుతుంది. ఇద్దరిదీ ఒకే పాత్ర అయితే, అంటే ఇద్దరూ ముందు నిలబడి కొట్టేవాళ్ళే అయితే, ఏడాదిపాటు ప్రతి వారం ఒకరు రెండోవారి నీడలో ఆడతారు. క్లాసుని బట్టి కూడా నొప్పి మారుతుంది. విజర్డ్‌కి ఒక్క పెద్ద అంకె దొరికితే బండి నడుస్తుంది. మాంక్‌కి చురుకూ వివేకమూ రెండూ కావాలి, ఆర్మర్ లేకుండా వచ్చే రక్షణే 10కి ఆ రెండు మాడిఫయర్లూ కలిపిన మొత్తం. పాలడిన్‌కి బలమూ కరిష్మా కావాలి, ముందు నిలబడతాడు కాబట్టి ఒంటి గట్టిదనమూ కావాలి. 17, 11, 10, 10, 9, 8 పడినవారు విజర్డ్‌ని హాయిగా ఆడతారు. మాంక్ ఆడాలనుకుని వచ్చినవారికి అవే అంకెలు పడితే సాయంత్రం అక్కడే పాడవుతుంది.

ఎక్కడ చెడిపోతుంది

మంచి ఉద్దేశంతో పెట్టుకున్న ఇంటి రూల్సే ఎక్కువగా చెడగొడతాయి. అన్నిటికన్నా సాధారణమైనది "ఒకటి పడితే మళ్ళీ వెయ్యండి". చిన్న దయలా వినిపిస్తుంది. నిజానికి ప్రతి పాచికా 2 నుంచి 6 దాకా మాత్రమే పలికే పాచిక అయిపోతుంది, స్కోరు సగటు 12.24 నుంచి 13.43కి ఎగురుతుంది, ఆరింటి మొత్తం 80.6. మంచి అదృష్టం ఉన్నవారికి మాత్రమే వచ్చే 80 ఇప్పుడు సగటు మనిషిది. పుస్తకంలో ఉన్న రాక్షసుల్ని డీఎం ఉన్నట్టే దించితే పార్టీ (ఆటగాళ్ళ క్యారెక్టర్ల జట్టు) చీమల్ని నలిపినట్టు నలిపేస్తుంది, అప్పుడు పోరాటాలు కష్టం చెయ్యాల్సొస్తుంది, లాభమంతా అక్కడికక్కడ చెల్లు.

రెండోది, సెట్ నచ్చకపోతే ఇంకో సెట్ వేసి మంచిది ఉంచుకోవడం. రెండు సెట్లలో మంచిది తీసుకుంటే మొత్తం సగటున 77 దాటుతుంది, మూడింటిలో అయితే 79 దాటుతుంది. తప్పేమీ కాదు, కానీ ఎన్ని సెట్లో ముందే చెప్పాలి. చెప్పకపోతే మొహమాటపడేవారు మొదటి సెట్‌తో సరిపెట్టుకుంటారు, గట్టిగా అడిగేవారు మూడు వేయించుకుంటారు. పాచికలు తెచ్చిన తేడా చాలదన్నట్టు స్వభావాల తేడా కూడా షీట్ మీదికెక్కుతుంది. దీనికి థర్డ్ ఎడిషన్ చక్కటి గీత గీసింది: పెద్ద స్కోరు 13 దాటకపోయినా, ఆరు మాడిఫయర్ల మొత్తం సున్నా లేదా అంతకన్నా తక్కువైనా, సెట్ మొత్తం రద్దు. అదే గీత ఇప్పుడూ వాడుకోవచ్చు.

ఇంటి దగ్గర వేసి తెచ్చిన అంకెల సంగతి. ఎవరినీ అనుమానించక్కర్లేదు. అయిదుగురి టేబుల్‌లో ఇద్దరికి 18లు ఉండటం 7 శాతం సార్లు మామూలుగానే జరుగుతుంది. అయినా ఒకసారి అనుమానం మొలిచాక దాన్ని లెక్కలతో పీకలేం. అందరి ముందూ, ఒకే ట్రేలో వెయ్యండి. కింద పడిన పాచిక, పుస్తకానికి ఆనుకుని వాలిన పాచిక చెల్లవని, దాన్ని ఒక్కదాన్నే మళ్ళీ వెయ్యాలని ముందే అనుకోండి. నాలుగూ మళ్ళీ వేస్తే ఎవరికో ఒకరికి పోయిన సిక్సుల మీద బెంగ మిగులుతుంది.

పాచికల మీదే అనుమానం ఉంటే పరీక్ష సులువు. 120 సార్లు వేసి ఏ ముఖం ఎన్నిసార్లు పడిందో గీతలు పెట్టండి. ప్రతి ముఖానికీ 20 రావాలి. ఒక్కో ముఖానికి 20తో ఉన్న తేడాని వర్గం చేసి, ఆరూ కూడండి. మొత్తం 221 దాటితే ఆ పాచికని పక్కన పెట్టండి. నికార్సైన పాచిక ఆ గీత దాటడం ఇరవైలో ఒకసారే జరుగుతుంది, కాబట్టి అది బాగా ఇష్టమైన పాచికైతే ఇంకో 120 వేసి చూడొచ్చు.

27 పాయింట్లు

అన్ని గుణాలూ 8 దగ్గర మొదలవుతాయి. 9కి 1 పాయింటు, 10కి 2, 11కి 3, 12కి 4, 13కి 5. అక్కడిదాకా మెట్టుకి ఒకటి. 14కి 7, 15కి 9, అంటే చివరి రెండు మెట్లు ఒక్కోటీ రెండేసి. 15 దాటి కొనడానికి లేదు. సిద్ధంగా ఇచ్చిన వరసని ఈ ధరల్లో కొంటే 9, 7, 5, 4, 2, 0, సరిగ్గా 27.

చివరి మెట్ల ధర పెంచింది ఊరికే కాదు. 15, 15, 15, 8, 8, 8 కొంటే 27 పాయింట్లకి మొత్తం 69 వస్తుంది. 13, 13, 13, 12, 12, 12 కొంటే అవే 27 పాయింట్లకి 75 వస్తుంది. శిఖరాలు కావాలనుకున్నవారు ఆరు పాయింట్లు వదులుకుంటున్నారు. ఇద్దరూ న్యాయంగానే కొన్నారు, వేర్వేరు మనుషులు తయారయ్యారు.

ఇక్కడ జరిగే పొరపాట్లలో ముఖ్యమైనది పాత ధరల పట్టిక. థర్డ్ ఎడిషన్‌లో మామూలు బడ్జెట్ 25, అక్కడ 14కి 6, 15కి 8, 18 దాకా కూడా కొనొచ్చు, 16 పాయింట్లకి. అదే 15, 14, 13, 12, 10, 8 అక్కడ 25కి వస్తుంది. ఎక్కడో దొరికిన పాత పట్టికతో కొత్త బడ్జెట్ 27 ఖర్చు పెడితే రెండు పాయింట్లు ఊరికే కలిసొస్తాయి, ఎవరూ గమనించరు. ఇంకో పొరపాటు బ్యాక్‌గ్రౌండ్ (క్యారెక్టర్ పూర్వజీవితం) ఇచ్చే పెంపుని ముందే కలిపేసి, 17కి ధరెంతని వెతకడం. ముందు కొనాలి, తర్వాత కలపాలి.

2024 రూల్స్‌లో ఆ పెంపు జాతి నుంచి కాకుండా బ్యాక్‌గ్రౌండ్ నుంచి వస్తుంది. ప్రతి బ్యాక్‌గ్రౌండూ మూడు గుణాల పేర్లు చెబుతుంది. సోల్జర్‌కి స్ట్రెంగ్త్, డెక్స్టెరిటీ, కాన్‌స్టిట్యూషన్. సేజ్‌కి కాన్‌స్టిట్యూషన్, ఇంటెలిజెన్స్, విజ్డమ్. వాటిలో ఒకదానికి +2, ఇంకోదానికి +1, లేదా మూడింటికీ తలా +1. బేసి అంకెలు ఇక్కడ పనికొస్తాయి. సోల్జర్ నేపథ్యమున్న ఫైటర్‌ని సిద్ధంగా ఉన్న వరసతో కట్టండి: స్ట్రెంగ్త్ 15, కాన్‌స్టిట్యూషన్ 14, డెక్స్టెరిటీ 13. +2 బలానికిస్తే 17. మిగిలిన +1 కాన్‌స్టిట్యూషన్‌కిస్తే 15 అవుతుంది, మాడిఫయర్ +2 దగ్గరే ఉండిపోతుంది, అంటే ఈరోజుకి ఆ పాయింటు వృథా. డెక్స్టెరిటీకిస్తే 13 కాస్తా 14 అయి +2 పలుకుతుంది. 17 బేసి కదా, అదీ వృథాయే కదా అని అడగొచ్చు. నాలుగో లెవల్‌లో తీసుకునే ఫీట్లలో (ప్రత్యేక నైపుణ్యాల్లో) ఎక్కువ భాగం ఒక గుణానికి +1 ఇస్తాయి, అప్పుడది 18 అవుతుంది. ఆ దాకా ఆగలేని చిన్న క్యాంపెయిన్ అయితే 17 కోసం వెంపర్లాడొద్దు. 16 దగ్గరే ఆగి మిగతావి సరి చేసుకోండి.

పాచికలతో వచ్చిన అంకెలకీ ఇదే నియమం. 16, 14, 13, 11, 9, 7 పడ్డాయి, సేజ్ నేపథ్యంతో విజర్డ్ కావాలి. చాలామంది పెద్దవాటి వరస ప్రకారం ఇంటెలిజెన్స్ 16, కాన్‌స్టిట్యూషన్ 14, డెక్స్టెరిటీ 13 అని రాసేస్తారు. సేజ్ నేపథ్యం డెక్స్టెరిటీని పెంచలేదు, కాబట్టి 13 అక్కడ ఇరుక్కుపోతుంది. 13ని కాన్‌స్టిట్యూషన్‌కీ 14ని డెక్స్టెరిటీకీ మార్చి, +2 ఇంటెలిజెన్స్‌కీ +1 కాన్‌స్టిట్యూషన్‌కీ ఇవ్వండి. 18, 14, 14 అయ్యాయి. బరువైన కవచం తొడిగే ఫైటర్ అయితే లెక్క మళ్ళీ మారుతుంది. చెయిన్ మెయిల్‌కి స్ట్రెంగ్త్ 13, ప్లేట్‌కి 15 ఉండాలి, లేకపోతే నడక వేగం పది అడుగులు తగ్గుతుంది. ఆ కవచాలకి చురుకు కలవదు, కాబట్టి డెక్స్టెరిటీలో పెద్ద అంకె పెట్టి వృథా చేసుకోవద్దు. ఇంకో క్లాసు కలుపుకోవాలన్న ఆలోచన ఉంటే రెండు క్లాసుల ముఖ్య గుణాల్లోనూ 13 తప్పదు. ఇది మొదటి రోజే చూసుకోండి, అయిదో లెవల్‌లో 12 చూసి బాధపడితే లాభం లేదు.

పాచికల సరదా ఉంచి, ఎడం తీసెయ్యాలంటే

పాయింట్లతో కొన్న క్యారెక్టర్లు కొన్నాళ్ళకి ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, ఈ ఫిర్యాదు నిజమే. ప్రతి ఫైటర్‌కీ ఇంటెలిజెన్స్ 8, ప్రతి విజర్డ్‌కీ స్ట్రెంగ్త్ 8. పాచికలు తెచ్చే అనుకోని మనిషి రాడు.

దీనికి నాకు బాగా నచ్చిన పరిష్కారం అందరికీ ఒకే సెట్. టేబుల్ చుట్టూ వరసగా ఒక్కొక్కరూ నాలుగు పాచికలు ఒకసారి వేస్తారు, ఆరు అంకెలయ్యేదాకా. ఆ ఆరింటినీ ప్రతి ఒక్కరూ తమకి నచ్చిన గుణాలకి పెట్టుకుంటారు. సగటు 73.5 అలాగే ఉంటుంది, ఆటగాళ్ళ మధ్య ఎడం సున్నా. 6 పడితే అందరికీ 6 పడినట్టే. దాన్ని ఎవరెక్కడ పెట్టారన్నదే మనుషుల్ని వేరు చేస్తుంది, ఆ మాటల్లోనే పార్టీ పరిచయం కూడా జరిగిపోతుంది. దీనికి దగ్గర్లో ఇంకో పద్ధతి ఉంది: ప్రతి ఒక్కరూ పూర్తి సెట్ వేసి, ఎవరి సెట్ అయినా ఎవరైనా వాడుకోవచ్చనడం. ఇదీ న్యాయమే, కానీ నలుగురిలో మంచి సెట్ అందరూ తీసుకుంటారు కాబట్టి మొత్తం సగటున 80 దాటుతుంది. డీఎం ఆ బలానికి సిద్ధపడి ఒప్పుకోవాలి.

రెండో పరిష్కారం పేకముక్కలు, ప్రతి ఇంట్లో దొరికేవే. ఒక పేకలోంచి ఆరులు మూడు, అయిదులు నాలుగు, నాలుగులు నాలుగు, మూడులు నాలుగు, రెండులు మూడు తీయండి. మొత్తం 18 ముక్కలు, కూడితే 72. కలిపి, మూడేసి చొప్పున ఆరు కుప్పలు వెయ్యండి. ప్రతి కుప్ప మొత్తమూ ఒక స్కోరు. ఎవరికి ఏం పడినా ఆరింటి మొత్తం 72కి ఒక్కటీ అటూ ఇటూ కాదు, ఒక చోట పెద్దది పడితే ఇంకో చోట తగ్గి తీరుతుంది. 6 కన్నా తక్కువ రాదు. పెద్ద అంకెలు మాత్రం పాచికలంత ధారాళంగా రావు: 16 గానీ అంతకన్నా ఎక్కువ గానీ కనీసం ఒకటి రావడం 31 శాతం, మూడు ఆరులూ ఒకే కుప్పలో పడి 18 రావడం 136 పంపకాల్లో ఒకసారి. ఇంకొంచెం వీరులు కావాలంటే ఒక మూడు తీసి నాలుగో ఆరుని కలపండి, మొత్తం 75 అవుతుంది. కుప్పల్ని పడిన వరసలోనే గుణాలకిచ్చి, ఒక్క జత మాత్రం తారుమారు చేసుకోనివ్వడం ఈ పద్ధతికి బాగా కుదురుతుంది. మీరు అనుకోని క్యారెక్టర్ వస్తుంది, అయినా మీరు ఆడాలనుకున్న క్లాసుకి దారి మూసుకుపోదు.

ఎడం ఉండటమే మంచిదైన ఆటలు

అన్ని ఆటలకీ ఇదే మందు కాదు. 2012లో వచ్చిన డంజన్ క్రాల్ క్లాసిక్స్‌లో మూడు పాచికలు, పడిన వరసలోనే, సవరణలు లేవు. ఒక్కో ఆటగాడికి ఇలాంటి సామాన్యులు ఇద్దరి నుంచి నలుగురు దాకా ఉంటారు. మొదటి సాహసంలో చాలామంది చనిపోతారు, మిగిలినవారే హీరోలు. అక్కడ స్ట్రెంగ్త్ 5 ఉన్న రైతు శాపం కాదు, వాడు గొయ్యి దాటి బతికితే టేబుల్ అంతా వాడి పేరే చెబుతుంది. ఒక్కొక్కరి చేతిలో నలుగురుంటే ఎడం వాళ్ళలోనే సర్దుకుపోతుంది. కాల్ ఆఫ్ కతుల్హూ ఏడో ఎడిషన్ ఇంకో తెలివైన పని చేసింది. బలం, చురుకు లాంటివాటికి మూడు పాచికల మొత్తాన్ని 5తో హెచ్చవేస్తారు. పరిమాణం, తెలివి, చదువులకి మాత్రం రెండు పాచికలకి 6 కలిపి 5తో హెచ్చవేస్తారు. అంటే తెలివి 40 కన్నా కిందికి పోదు. పరిశోధన చెయ్యాల్సిన కథలో పరిశోధకుడు ఆధారాన్ని చదవలేకపోతే ఆటే ఆగిపోతుంది. ఎడం ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో గుణం వారీగా తేల్చారు. ఈ పని డీ అండ్ డీ టేబుల్ మీద కూడా చెయ్యొచ్చు: క్లాసుకి ముఖ్యమైన గుణానికి 15 ఖాయం చేసి, మిగతా అయిదింటికే పాచికలు వెయ్యండి.

పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట 2023లో ఇంకా ముందుకెళ్ళి 3 నుంచి 18 అంకెల్నే తీసేసి మాడిఫయర్లు మాత్రం ఉంచింది. లెక్కల ప్రకారం అదే శుభ్రమైన దారి. అయినా 17 అని రాసుకోవడంలో ఉన్న ఆనందం +3 అని రాసుకోవడంలో నాకైతే కనిపించదు.

మొదటి ఆటకి వారం ముందు గ్రూపులో పెట్టడానికి ఒక మెసేజ్ ఇస్తున్నాను, మీకు తగ్గట్టు మార్చుకోండి:

"స్కోర్లు శనివారం టేబుల్ దగ్గరే వేద్దాం, ఎవరూ ముందే వేసుకురావద్దు. అందరికీ ఒకే సెట్. వరసగా ఒక్కొక్కరు నాలుగు పాచికలు, చిన్నది తీసేస్తాం, ఆరు అంకెలయ్యేదాకా. ఒకట్లు మళ్ళీ వెయ్యం. ట్రే బయట పడినా, వాలి నిలబడినా ఆ పాచిక ఒక్కటే మళ్ళీ. ఆరింటిలో పెద్దది 13 దాటకపోతే, లేదా మాడిఫయర్ల మొత్తం సున్నాకి పైన లేకపోతే, సెట్ మొత్తం మళ్ళీ, ఒక్కసారే. బ్యాక్‌గ్రౌండ్ పెంపు ఆ తర్వాత కలుపుకోండి. కొత్తగా చేరేవాళ్ళకీ, క్యారెక్టర్ చనిపోయినవాళ్ళకీ ఇదే సెట్, అందుకని ఆ కాగితాన్ని డీఎం స్క్రీన్‌కి లోపల అంటిస్తున్నా."